పార్తిని నాలుక

పార్తిని పింగాణీ చెంచాతో నూడుల్స్ పులుసును నాలుక కొసకు తాకించి, పక్కనున్న కప్పులో ఉమ్మేసింది. ఉపవాస మాసం కదా, మింగకూడదు. రుచి చూడడమే పనైనవాళ్లు నాలుక తడుపుకుంటే తప్పులేదని మసీదు పెద్దాయన ఏనాడో చెప్పాడు.

వేడి తెలిసింది. ఉప్పు కాస్త తగిలింది. అంతే. కోడి లేదు, నిమ్మగడ్డి లేదు, వేయించిన ఉల్లి లేదు. పోయినేడాది జ్వరంతో పోయిన వాసన మళ్లీ రాలేదు. ఇంట్లో కోడలికి కూడా ఆ సంగతి చెప్పలేదామె. సెమరాంగ్ పట్నం శివార్లలోని ఈ నూడుల్స్ ఫ్యాక్టరీలో "పార్తిని బాగుందంటే బాగున్నట్టే" అంటారు. జన్మంతా కష్టపడి ఆమె సంపాదించుకున్నది ఆ ఒక్క మాటే. అది పోతుందేమోనని పడ్డ భయం మొగుడు పోయినప్పుడు కూడా పడలేదు.

ఇన్నాళ్లూ దొంగచూపుతో నెట్టుకొచ్చింది. ఎదురుగా కూర్చుని రుచి చూసే వెనింగ్ గొంతును గమనించేది. ఆ పిల్ల గుటక గబుక్కున దిగితే సరుకు బాగున్నట్టు, కాస్త ఆగి దిగితే ఏదో తేడా ఉన్నట్టు. ఉపవాసాలొచ్చి ఆ దారీ మూసుకుపోయింది. మంచిదాన్నీ చెడ్డదాన్నీ అందరూ ఒకేలా ఉమ్మేస్తుంటే ఇక తెలిసేదేముంది, నా మొహం!

సూపర్‌వైజర్ హెండ్రా తలుపు దగ్గరికి వచ్చాడు. "ఏమ్మా, సరుకు పంపించెయ్యమంటారా?"

వయసులో పెద్దవాళ్లే ముందు చెప్పాలి. చిన్నవాళ్లు ఆ మాట కాదనరు.

"బాగుంది. పంపించు నాయనా."

వెనింగ్ చెంచా మళ్లీ ముంచింది. నొసలు ముడిచింది.

"ఏం పిల్లా, తేడాగా ఉందా?"

"అబ్బే, లేదు పెద్దమ్మా. మీరు బాగుందన్నారుగా. పొద్దుట్నుంచి నోరెండిపోయి, ఏది నాకినా చేదే."

పార్తిని చెంచా కింద పెట్టేసింది. ఎలాంటి చేదని ఒక్క మాట అడగవచ్చు. అడగలేదు.

ఆ రోజు తయారైన సరుకులోంచే కొంత వండుకుని, అందరూ కలిసి ఉపవాసం విడవడం ఆ ఫ్యాక్టరీ అలవాటు. సాయంత్రం మసీదు పిలుపు వినబడగానే ఖర్జూరం కొరికి, తీపి టీ తాగి, గిన్నెలు ముందుకు లాక్కున్నారు. పార్తిని తల వంచుకుని ఆవురావురుమంటూ తిన్నది. మెత్తదనం, వెచ్చదనం, గొంతులో జారే హాయి, ఆమెకు తిండిలో మిగిలినవి అవే. గిన్నె ఎత్తి పులుసు కూడా తాగేసింది.

తలెత్తేసరికి ఇంకెవరూ తినడం లేదు. ఎవరి నూడుల్స్ వాళ్ల గిన్నెల్లోనే ఉన్నాయి. ఎవరూ బాగాలేదనలేదు. ముందు పెట్టిన తిండికి వంకపెట్టడం వాళ్లకి అలవాటు లేదు. ప్యాకింగ్ ఆడవాళ్లు తలగుడ్డ అంచు ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు. పాడైన నూనె కనరు వాసన ఆమెకు తప్ప అందరికీ కొడుతోంది. అందరూ ఆమె ఖాళీ గిన్నెనే చూస్తున్నారు.

హెండ్రా ఫోను తీసి, "లారీ ఆపండి, బయల్దేరనివ్వకండి" అన్నాడు మెల్లగా. ఆమెను ఒక్క మాట అనలేదు. నాలుగు తిట్టినా బాగుండేది.

వెనింగ్ దగ్గరికి జరిగింది. "పెద్దమ్మా, ఎప్పట్నుంచి?"

"పోయినేడు జ్వరమొచ్చిందే, అప్పట్నుంచి."

"నాకు రుచి చూసినప్పుడే కనరు కొట్టింది. నా నోరే పాడైందనుకున్నా."

"నీ నోరు నిక్షేపంలా ఉందే పిచ్చిదానా. ఇకమీదట నువ్వే ముందు చెప్పు. ఎంత పెద్దాళ్లు ఎదురుగా ఉన్నా సరే. విన్నావా?"

వెనింగ్ కళ్లనీళ్లు పెట్టుకుంది. పార్తినికి మాత్రం సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. "నమాజుకి వెళ్తున్నా" అని లేచింది. ప్రార్థన గది దాటి, గేటు దాటి, సందు మలుపు తిరిగి వెళ్లిపోవడం కాపలావాడొక్కడే చూశాడు. మళ్లీ ఆమె ఆ గేటు లోపలికి రాలేదు.

లోపల బల్ల మీద, నూడుల్స్ పులుసంతా పీల్చుకుని ఉబ్బిపోతున్న గిన్నెల మధ్య, ఆమె గిన్నె ఒక్కటే అడుగున ఉల్లిపొర కూడా మిగలకుండా తళతళలాడుతోంది.