చెక్కపొట్టు గది

ఆ ఇంట్లో ఆమెను పేరుపెట్టి పిలిచేవాళ్ళు లేరు. ఛాతీలో పిల్లికూతలు వస్తాయని వదిన ముద్దుగా ‘హార్మోనియం’ అంది. ముద్దుగా అన్నది వదిన మాటే. అన్నయ్య మొదట్లో మొహం చిట్లించాడు, తరవాత నవ్వాడు, ఆ తరవాత తనూ అలాగే పిలవడం మొదలుపెట్టాడు. పెళ్ళాం మాటకు ఎదురుచెప్పే రాత ఆయన నుదుట రాసిలేదు.

ఆయన వడ్రంగి. ముందు వసారాలో కుర్చీలూ బల్లలూ చేస్తాడు. చిత్రిక పడుతుంటే రాలిన పొట్టును పారేయడానికి చెయ్యి రాదు. ఎప్పుడో ఎందుకో పనికొస్తుందని బస్తాలకెత్తి వెనక గదిలో గోడవారన పేర్చాడు. ఆ గోడకు అవతల స్నానాలగది, అందుకని ఎప్పుడూ చెమ్మే. అడుగు బస్తాలు నల్లబడి ముక్కిన వాసన కొడుతున్నాయి. హార్మోనియం మంచం ఆ బస్తాల పక్కనే. వదిన కొత్తగా పెంచుతున్న కోడిపిల్లల పెట్టె ఆ మంచం కింద.

“ముందు గదిలో కిటికీ పక్కన పడుకుంటాను వదినా. అక్కడైతే కాస్త ఊపిరాడుతుంది,” అని ఆమె అడగని వారం లేదు.

“ముందు గదిలోకి నలుగురూ వచ్చిపోతుంటారు. నీ కచేరీ వాళ్ళకెందుకు? ఇప్పటికే నీ పిల్లికూతలకి నా కోడిపిల్లలు బెదిరి చస్తున్నాయి,” అనేది వదిన.

అవి బెదిరి కాదు, నిజంగానే చావడం మొదలుపెట్టాయి. ఒక్కొక్కటీ రెక్కలు వేలాడేసి, మెడ సాచి, నోరు తెరిచి ఎగశ్వాస పెడుతుంటే వదినకు అన్నం సయించలేదు. ఇన్నాళ్ళూ ఆడపడుచు దగ్గుకు పక్కకు తిరిగి పడుకున్న మనిషి, కోడిపిల్లల కోసం మందుల షాపుకు పరుగెత్తి జలుబు మందు తెచ్చి నీళ్ళలో కలిపింది. గుణం కనిపించలేదు. ఇక లాభం లేదని పశువుల డాక్టరు దగ్గరికి బయల్దేరింది. చచ్చినదాన్ని సంచిలో వేసుకుని వదిన ముందు నడిస్తే, బతికున్నవాటి పెట్టె మోస్తూ హార్మోనియం వెనక రొప్పుతూ నడిచింది.

డాక్టరు ఒక పిల్లను తీసి చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. ముక్కు నొక్కి చూశాడు. నోరు తెరిచి టార్చి వేసి గొంతులో పురుగులున్నాయేమో వెతికాడు.

“జలుబైతే ముక్కు కారాలి, గొంతులో గురగుర వినపడాలి. దీనికి రెండూ లేవు. నోరు తెరిచి గాలి కోసం కొట్టుకుంటోంది గానీ చప్పుడు లేదు. మనకు చెడ్డ గుర్తు అదేనమ్మా,” అన్నాడు. తరవాత చచ్చినదాన్ని కోసి ఊపిరితిత్తులు చూపించాడు. వాటినిండా నూకల్లాంటి పచ్చటి పలుకులు.

“బూజు లోపలికి పోయింది. కింద ఏం పరుస్తున్నారు?”

“చెక్కపొట్టు,” అంది వదిన.

“చెమ్మ తగిలిందా?”

వదిన ఖాళీ సంచి మడుచుకుంటోంది. “తగిలింది సార్. గదినిండా బస్తాలే. నేనూ అక్కడే పడుకుంటాను,” అంది హార్మోనియం.

డాక్టరు అప్పుడు ఆమె వైపు చూశాడు. “ముందు ఆ బస్తాలు బయట పారేయండి. ఆ గదిలో ఎవరూ ఉండకూడదు. బాగున్న పిల్లల్ని గాలీ వెల్తురూ ఉన్నచోట, పొడి నేలమీద పెట్టండి. నోరు తెరిచినవాటికి మందు పనిచెయ్యదు, వేరు చేసెయ్యండి. ఈ అమ్మాయిని కూడా వెంటనే మనుషుల డాక్టరుకి చూపించండి.”

“అలాగే సార్,” అంది వదిన.

తిరుగుదారిలో హార్మోనియానికి పెట్టె బరువు తెలియలేదు. తను ఇన్నాళ్ళూ చెప్పి చెప్పి అలసిన మాట ఇవాళ డాక్టరే చెప్పాడు. కిటికీ పక్కన పరుపు ఎటు తల పెట్టి వేసుకోవాలో కూడా ఆలోచించుకుంది. ఆమె సంతోషంగా ఉంది.

వదిన డాక్టరు మాట జవదాటలేదు. ముందు గది కిటికీ బార్లా తీయించింది. బల్ల జరిపించి, కొత్త పెట్టెలో పాత పేపర్లు పరిచి, నీళ్ళ గిన్నెలు మరిగించి ఎండబెట్టి, బాగున్న పిల్లల్ని అందులో వదిలింది. పరుపు చుట్ట చంకలో పెట్టుకుని హార్మోనియం గుమ్మం దగ్గరికి వచ్చింది.

“పరుపెక్కడికి?”

“ఆ గదిలో ఎవరూ ఉండొద్దన్నారుగా.”

“నీ పరుపునిండా ఆ బూజే. తెచ్చి వీటి పక్కన దులుపుతావా? పసివాటి ఉసురు పోసుకుంటావా?”

ఆమె అన్నయ్య వైపు చూసింది. ఆయన చిత్రిక బ్లేడు పదును చూసుకుంటూ, “మరి బస్తాలు?” అన్నాడు.

“పిల్లలు ఇటొచ్చేశాయిగా. ఇంక వాటివల్ల నష్టమేముంది?”

అన్నయ్య మొహం తేటపడింది. పొట్టు దక్కింది. వదిన పాత పెట్టెలో నోరు తెరిచిన పిల్లల్ని వేసి మళ్ళీ ఆ మంచం కిందికే నెట్టింది. “వీటిని వేరు చెయ్యమన్నాడు. నీకు తోడుంటాయి,” అంది.

తోడు ఎక్కువ రోజులు లేదు. చివరిది పోయేముందు హార్మోనియం దాన్ని చెవి దగ్గర పెట్టుకుని వింది. ఏమీ వినపడలేదు. ఆమెకు భయం వేసింది, ఏడవడానికి సరిపడా ఊపిరి లేక ఊరుకుంది.

ఆ తరవాత ఒక ఉదయం వెనక గదిలో పిల్లికూతలు ఆగిపోయాయి.

“హార్మోనియం పలకడం లేదు. తగ్గినట్టుంది,” అంటూ అన్నయ్య టీ గ్లాసుతో తలుపు తీశాడు. ఆమె మంచం పట్టె రెండు చేతులా పట్టుకుని కూర్చుని ఉంది. మెడ సాగింది. నోరు తెరుచుకుని ఉంది. చప్పుడు లేదు.

ఆయన పిలిస్తే వదిన వచ్చి, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని గుమ్మం బయటే నిలబడింది. హార్మోనియం ఆమె కళ్ళలోకి చూసింది. డాక్టరు చెప్పిన ఒక్క మాటా వదిన మరచిపోలేదని అప్పుడు ఆమెకు అర్థమైంది.

“డాక్టరుకి చూపిద్దామా?” అన్నాడు అన్నయ్య.

“ఆ రోజే చెప్పాడండీ. చప్పుడు లేకుండా నోరు తెరిచాక మందు పనిచెయ్యదట.”

“అలాగా,” అన్నాడాయన.

“తలుపు వేసెయ్యండి. ఈ గాలి పిల్లల మీదికి పోతోంది.”

ఆయన గ్లాసు కింద పెట్టి తలుపు లాగాడు. ఆ తలుపు ఆయన చేసిందే. ఎక్కడా సందు లేకుండా పడింది.