కలపకూడని పాకం

మా నాన్న నలభై ఏళ్ళు క్యాంటీన్లో వంటమాస్టరు. వేడి మీద ఏదున్నా కలపకుండా ఉండలేడు. ఆ సంగతి తెలిసి కూడా ఆయన్ని నా ల్యాబులో కూర్చోబెట్టి టీకి వెళ్ళడం నా బుద్ధితక్కువ.

తిరిగొచ్చేసరికి, అడుగున సన్నటి వేడి పెట్టిన గాజుతొట్టిలో మూడు రోజులుగా కదపకుండా కాపాడుకుంటున్న నీలిరంగు పంచదార పాకాన్ని స్కేలుతో తిప్పుతున్నాడు. రుచి కూడా చూసినట్టున్నాడు, మీసం నీలంగా ఉంది.

"అడుగంటుతోందమ్మా," అన్నాడు తృప్తిగా.

నాకు ఒళ్ళు మండింది. "అది భూమి నాన్నా. పుట్టిన కొత్తలో దాని కడుపులో రాయి ఎలా కదిలిందో చూద్దామని పెట్టాను. అడుగున కాగింది పైకి తేలుతుంది, పైన చల్లారింది కిందికి దిగుతుంది. ఎవరూ గరిటె పెట్టలేదు, తనంతట తనే కలుపుకుంది."

ఆయన స్కేలు తుడిచి బల్ల మీద పెట్టాడు. ముఖం చిన్నబోయింది. "అయితే నేనిన్నేళ్ళూ ఊరికే తిప్పానా?"

నా కోపం ఎటు పోయిందో తెలీదు.

"దానికి కోట్ల ఏళ్ళు పట్టింది నాన్నా. అందాకా మేం ఆకలికి ఆగేవాళ్ళమా?"