కింది చిరునామా

మెయిల్లో పంపేవారి పేరు దగ్గర నొక్కితే రెండు చిరునామాలు కనబడతాయి. పైది మెయిలమ్మది, కిందిది యజమానిది. ఆమె వేలు అలవాటుగా కిందిదాని మీదికే పోయింది. కుట్టుమిషను దారం ఊరికే తెగిపోతోందని ఎవరో విసుక్కుంటూ రాశారు. విసుక్కోవద్దని, సూది తిరగేసి బిగించారేమో ఒకసారి చూడమని ఓపిగ్గా రాసి, కింద యజమాని పేరు పెట్టి పంపేసింది.

ఆఫీసులో అందరికీ ఆమె మెయిలమ్మే. అసలు పేరు ఎవరికైనా గుర్తుందో లేదో దేవుడికే తెలియాలి. కుట్టుమిషన్ల కంపెనీకి కొత్తగా మెయిలు పెట్టిన రోజుల్లో యజమాని మాటిమాటికీ పాస్‌వర్డు మరిచిపోయేవాడు. "ఈ గోల నాకెందుకమ్మా! ప్రస్తుతానికి నీ దాంట్లో కలిపేసుకో, తర్వాత చూద్దాం" అన్నాడు. ఆమె తన సొంత మెయిల్లోనే కంపెనీ చిరునామా కలిపింది. అప్పటినుంచి వచ్చే ఉత్తరాలన్నీ ఆమె పెట్టెలోకే వస్తాయి, పోయేవన్నీ యజమాని పేరుతో పోతాయి. ఆ 'తర్వాత' ఇంతవరకూ రాలేదు. ఈలోగా ఆమె జుట్టు మాత్రం నెరిసిపోయింది.

స్టోరు పక్కన కిటికీ లేని గది ఆమెది. పాత మోటార్ల అట్టపెట్టెలు సగం గది ఆక్రమించాయి. మిగతా సగంలో ఒక బల్ల, ఒక చెక్క కుర్చీ. కుర్చీ వీపుకి నడిమి పట్టీ ఊడిపోయి ఎంతకాలమైందో! సరిగ్గా నడుం ఆనే చోట ఖాళీ. వేరే కుర్చీ ఇప్పించమని అడిగితే యజమాని "చూద్దాం" అన్నాడు. ఆయన దగ్గర అన్నిటికీ అదొక్కటే మందు.

ఈ రోజు పై అంతస్తు హాల్లో ఆయనకి సన్మానం. వచ్చిన ప్రతి ఉత్తరానికీ స్వయంగా జవాబు రాసే యజమాని అని కొనుగోలుదార్ల సంఘంవాళ్ళు శాలువా కప్పుతున్నారు. స్వయంగానట! ఆయన చదవబోయే ఉపన్యాసం కూడా మెయిలమ్మ రాసిందే. పొద్దున్నే యజమాని మేనల్లుడు గుమ్మంలోంచే తల లోపలికి పెట్టి, "మీరు పైకి రానక్కర్లేదు, ఫోన్లు చూసుకోండి. కుర్చీలు సరిపోవట్లేదు" అని చెప్పిపోయాడు. ఆమెకి ఒళ్ళు మండిపోయింది.

శాలువా ఎవరికి కప్పితే ఆమెకేం? ఆమె ఆరాటమంతా టైలరమ్మ కోసం. ఎక్కడో పక్క ఊళ్ళో ఇంటి వరండాలో బట్టలు కుట్టుకునే పెద్దావిడ. మొదట్లో పెడలు బిగిసిందని రాసింది. తర్వాత్తర్వాత భర్త పోయినప్పుడూ రాసింది, కంటికి ఆపరేషనప్పుడు మనవరాలి చేత రాయించింది. అన్నిటికీ మెయిలమ్మే జవాబిచ్చింది, కింది చిరునామా నుంచే. ఒకరోజు బాగా అలిసిపోయి, "నాకూ నడుం పట్టేస్తోందమ్మా, కుర్చీ పట్టీ ఊడిపోయింది" అని రాసేసింది. పంపాక గానీ తట్టలేదు, ఆ నడుం నొప్పి యజమాని పేరు మీద పోయిందని. మర్నాడే టైలరమ్మ కుర్చీ కొలతలు అడిగింది. తన కోసం కొలతలు అడిగిన మనిషిని కాదనడానికి మనసొప్పక, మెయిలమ్మ టేపు పట్టి కొలిచి పంపింది. నిన్న ఉత్తరం వచ్చింది: "బాబూ, సన్మానానికి వస్తున్నాను. మీకొకటి తెస్తున్నాను."

ఆవిణ్ణి కళ్ళారా చూడాలి, ఆ రాసింది నేనేనని చెవిలో చెప్పాలి. అంతే ఆమె కోరిక.

చప్పట్లు వినబడగానే ఫోన్లు వదిలేసి మేడెక్కింది. తలుపు దగ్గర మేనల్లుడు చెయ్యి అడ్డం పెట్టాడు. అతని భుజం మీంచి చూస్తే, బక్కపలచటి టైలరమ్మ వేదిక ముందు నిలబడి దిండొకటి అందిస్తోంది. ముదురాకుపచ్చ గుడ్డ, నాలుగు మూలలా కట్టుకునే పట్టీలు.

"నడుం ఎలా ఉంది బాబూ?"

"నడుమా? నాకేం నొప్పమ్మా, రాయిలా ఉన్నాను!" అన్నాడు యజమాని. హాలంతా నవ్వింది.

"మీరే రాశారుగా, కుర్చీ పట్టీ ఊడిపోయిందని..."

"నాది తోలు కుర్చీ అమ్మా! ఎవరనుకుని ఎవరికి కుట్టారో ఏమో. పెద్దతనం కదా, పొరబడి ఉంటారు."

మళ్ళీ నవ్వులు. టైలరమ్మ ముఖం కత్తివేటుకి నెత్తురు చుక్క లేనట్టయింది. యజమాని కళ్ళు తలుపు వైపు తిరిగాయి. మెయిలమ్మని చూశాడు. చూశాడు, అందులో అనుమానం లేదు! ఆ ఉత్తరాలు ఎవరు రాస్తారో ఆయనకి తెలియదా? ఒక్క మాట చెబితే ఆ ముసలిప్రాణం పరువు నిలిచేది. ఆయన చూపు తిప్పుకుని శాలువా సర్దుకున్నాడు. ఛీ, ఏం మనిషి!

"తప్పుకోండి బాబూ" అంది మెయిలమ్మ.

"కింద ఫోన్లు మోగుతున్నాయి, వినబడట్లేదా?"

టైలరమ్మ అటువైపు తలుపులోంచి వెళ్ళిపోవడం చూసి, మెయిలమ్మ వెనక మెట్లమీంచి పడుతూ లేస్తూ వీధిలోకి వచ్చేసరికి టైలరమ్మ ఎక్కిన బస్సు మలుపు తిరుగుతోంది. తిరిగి వస్తుంటే మెట్ల కింద, పూలకుండీల పక్కన ఆ దిండు పడి ఉంది. ఎవరో దాని మీద కాలు కూడా పెట్టారు. దులిపి గదికి తెచ్చి కుర్చీకి కట్టింది. పట్టీ లేనిచోట దూది దట్టంగా కూరి ఉంది. కూర్చుంటే ఎవరో వెనకనుంచి అరచెయ్యి ఆనించినట్టుంది. ఇక ఏడుపాగలేదు.

ముఖం తుడుచుకుని, పై చిరునామా నొక్కింది.

"అమ్మా, మీరు పొరబడలేదు. ఆ ఉత్తరాలు రాసింది నేను. నడుం నొప్పి నాదే. దిండు నా కుర్చీకి అచ్చంగా సరిపోయింది. మీకు జరిగిన అవమానానికి కారణం నేనే, క్షమించండి." కింద తన పేరు పెట్టింది. కంపెనీ ఉత్తరాల్లో ఎప్పుడూ రాయని పేరు.

టైలరమ్మ ఇంకా బస్సులోనే ఉందేమో, కాసేపటికే జవాబు వచ్చింది.

"నువ్వా తల్లీ! నాలుగు మూలలా బిగించి కట్టావా? ఇంకొంచెం దూది కావాలంటే చెప్పు."

మెయిలమ్మ దాన్ని మళ్ళీ మళ్ళీ చదువుకుంది. అప్పుడు కంపెనీ ఉత్తరాలన్నీ కంపెనీ పెట్టెలోకి మళ్ళించి, ఆ పెట్టెని కంప్యూటర్లో తెరిచి ఉంచి, పాస్‌వర్డు కాగితం మీద రాసి, తన మెయిల్లోంచి కింది చిరునామా తీసేసింది.

సాయంత్రం శాలువాతోనే యజమాని వచ్చాడు, వెనకే మేనల్లుడు.

"వచ్చినవాళ్ళకి ధన్యవాదాలు పంపాలమ్మా. ఆ ముసలావిడకి కూడా ఏదో ఒకటి రాసి పడెయ్."

"రాసేశానండీ. నా పేరుతో."

ఆయన ముఖం ఎర్రబడింది. "ఎవర్ని అడిగి? ఉద్యోగం ఉండాలని లేదా?"

"లేదండీ." దిండు ముడులు ఒక్కొక్కటే విప్పుకుంటూ అంది. "మీ చిరునామా మీకు అప్పజెప్పాను, కాగితం బల్ల మీదుంది. ఆవిడ ముందు నోరు విప్పి ఒక్క నిజం చెప్పలేకపోయారు. రేపట్నుంచి ఉత్తరాలన్నీ స్వయంగా రాసుకోండి."

దిండు చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది. మామా అల్లుళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కంప్యూటరులో కొత్త ఉత్తరం వచ్చినట్టు చప్పుడైంది. దాని ముందు, నడిమి పట్టీ లేని చెక్క కుర్చీ ఖాళీగా ఉంది.