పడక కుర్చీలో దొరికిన మాట

రెండేళ్లుగా పిట్ట అద్దం ముందు ఒక్కతే మాట్లాడుకున్న జపనీస్, ఇవాళ మొదటిసారి అసలైన జపాన్ మనిషి చెవిన పడబోతోంది.

బాబాయి వడ్రంగి. పడక కుర్చీలు తప్ప మరోటి ముట్టుకోడు. వాటిని చూడటానికి జపాన్ నుంచి ఒక దుకాణం యజమానురాలు వచ్చింది. అరవై దాటినా నడుం నిటారుగా ఉంది. కుర్చీ చేతులను వేళ్లతో తడిమి చూసి, "ఇవే ఎందుకు చేస్తారు?" అని అడిగింది. పిట్ట ఆ ప్రశ్నను బాబాయికి తెలుగులో చెప్పింది.

బాబాయి జుట్టులోని చెక్కపొట్టు దులుపుకున్నాడు. "నేను సుఖం కోసం బతికేవాణ్ణని చెప్పవే. హాయిగా ఉండటానికే పుట్టాం, అదే నా సిద్ధాంతం అను."

సిద్ధాంతం అనగానే పిట్టకు నిఘంటువులోని పెద్దమాట తటాలున తట్టింది. "మా బాబాయిది కైరకుషుగి అండీ!" అంది గర్వంగా.

ఆవిడ బాబాయిని ఎగాదిగా చూసి, ఒక అడుగు వెనక్కి వేసి, చేతిసంచి గుండెలకు హత్తుకుంది.

"ఏమన్నావే?"

"సుఖవాది అన్నాను బాబాయ్. ఆవిడకు భోగలాలసుడని వినబడ్డట్టుంది!"

"కొంప ముంచావు కదే! మీ పిన్ని వింటే ఇంట్లోకి రానిస్తుందా?" అంటూనే బాబాయి ఒక కుర్చీని ముందుకు లాగాడు. "మాటలు తర్వాత. ముందు కూర్చోమను."

ఆవిడ పరీక్ష రాయడానికి వచ్చినట్టు కుర్చీ అంచున కూర్చుంది. బాబాయి వీపు కర్రను ఒక్క మెట్టు కిందికి దించాడు. ఆవిడ భుజాలు వాలాయి. కాళ్లు వాటంతటవే చెప్పులు వదిలేశాయి. కళ్లు మూసుకుని, "ఆఁ... రకు" అంది.

పిట్ట గంతేసినంత పని చేసింది. రకు! హాయి! తన పెద్దమాట కడుపులో ఉన్నదీ ఇదే. దీని ముందు 'దారి' అని అర్థమిచ్చే 'దో' అక్షరం పెడితే చాలు, మనిషి ఇష్టంకొద్దీ పడే పిచ్చికి పేరవుతుంది.

"తప్పు చెప్పానండీ! కుర్చీలు మా బాబాయి దోరకు! ఎవరైనా ఇలా కూర్చుని కళ్లు మూసుకుంటే, అదే ఆయన సుఖం!"

ఆవిడ కళ్లు తెరిచి పగలబడి నవ్వింది. "ఇంటి నిండా పాత కుర్చీలు పోగేస్తున్నానని మా ఆయన నన్ను తిట్టేది ఆ మాటతోనే!"

"ఏమంటోందే?"

"ఆవిడకూ నీ జబ్బే ఉందట బాబాయ్!"

"అయితే మనవాళ్లే!" అన్నాడు బాబాయి ఉబ్బితబ్బిబ్బై.

ఉన్న కుర్చీలన్నీ తనకే కావాలంది ఆవిడ. ప్రతి కుర్చీ అడుగున ఆ మాటను పిట్టే రాయాలని పట్టుబట్టింది. పిట్ట బాబాయి చెవి మీది పెన్సిల్ లాక్కుని చెక్కముక్క మీద రాసి చూపించింది. ఒక గీత వంకరపోయింది. ఆవిడ పడుకున్న చోటి నుంచే చెయ్యి చాచి దాన్ని సరిదిద్దింది. బయట ఆవిడ కోసం ఆగిన కారు హారన్ మోగుతూనే ఉంది. లేస్తే కదా!