దీపం అక్కర్లేని కొలత

విశ్వం ఉబ్బడం లేదని మా ఆయన కనిపెట్టారు. ఉబ్బుతున్నది ఆయనేనని నేను ఎప్పుడో కనిపెట్టాను గానీ, నా మాట వినడానికి ఆదివారాలు ఎవరూ రారు.

ఆయన మాట వినడానికి వస్తారు. కింద నేను టీ మరిగిస్తుంటే పళ్ళ డాక్టరు, స్థలాల బ్రోకరు, వాళ్ళ వెనక మరికొందరు చెప్పులు విప్పి డాబా మీది గదికి ఎక్కుతారు. అందరికీ ఆయన గురువుగారే. ఆ పిలుపు వినగానే ఆయన మొహం వెలిగే తీరు చూస్తే నాకు రోత.

మొదట్లో ఇంత రోత లేదు. కాలేజీలో ఫిజిక్సు చెప్పి రిటైరయ్యాక డాబా మీద టెలిస్కోపు పెట్టుకున్నారు. దూరపు గెలాక్సీల వెలుగు ఎరుపు వైపు జరిగి కనిపిస్తుందనీ, విశ్వం వ్యాపిస్తూ పోవడమే దానికి కారణమనీ లోకమంతా అంటుంది. ఈయన మాత్రం వెలుగు అంత దూరం నడిచి అలిసిపోయి ఎర్రబడుతుందన్నారు. వినడానికి ఒక్కరూ రాలేదు. ఆ తర్వాత, అసలు ఎరుపే లేదు, నేనే కొలిచాను, గెలాక్సీలు ఎక్కడివక్కడే ఉన్నాయి అన్నారు. కుర్చీలు చాలలేదు.

పేకాట కన్నా నయమే కదా అని ఊరుకున్నాను. మొన్న మా అమ్మాయి ఫోన్ చేసింది. అది అబ్జర్వేటరీలో ఆ గెలాక్సీల మీదే పీహెచ్‌డీ చేస్తోంది. వచ్చే వారమే వైవా.

“అమ్మా, తన కొలతలన్నీ నేను సరిచూశానని నాన్న ఆదివారం మీటింగు వీడియోలో చెప్పారు. మా గైడు చూశాడు. థీసిస్‌లో ఒకటి రాసి ఇంట్లో ఇంకోటి ఒప్పుకుంటావా, ఇది తేలేదాకా వైవా లేదు పొమ్మన్నాడు. నేను ఆ కొలతల మొహం కూడా చూడలేదమ్మా.”

ఆయన్ని నిలదీశాను. నిమ్మకు నీరెత్తినట్టు పేపరు తిరగేస్తూ, “అది చూస్తే ఏంటి, చూడకపోతే ఏంటి? తప్పుంటే కదా,” అన్నారు. తా పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

ఆదివారం అమ్మాయి బస్సు దిగి నేరుగా వంటింట్లోకి వచ్చింది.

“అమ్మా, నాన్న కొలిచేటప్పుడు దీపం ఇప్పటికీ నువ్వే పట్టుకుంటున్నావా?”

ఆ దీపం గోల నాకు బాగా తెలుసు. టెలిస్కోపు మూతి ముందు చిన్న నియాన్ దీపం పట్టుకుని నిలబడాలి. వెలుగును రంగులుగా విడగొడితే గీతలు కనిపిస్తాయట; దీపం గీతలు ఎక్కడుండాలో ముందే తెలుసు కాబట్టి, వాటి పక్కన పెట్టి గెలాక్సీ గీత ఎంత జరిగిందో చూస్తారు.

“లేదే. ఎరుపు లేదనడం మొదలెట్టాక దీపమే మానేశారు. నువ్వెళ్ళి పడుకో అన్నారు. చేతుల నొప్పి తప్పిందిలే అనుకున్నా.”

అమ్మాయి మరుగుతున్న టీ దించింది. “తూకం మిషనెక్కి నిలబడి, ముల్లు సున్నాకి తిప్పుకుని, నాకు బరువే లేదన్నట్టుంది,” అంది.

టీ ట్రేతో ఇద్దరం పైకి వెళ్ళాం. బ్రోకరు ఎప్పట్లాగే ఫోనులో వీడియో తీస్తున్నాడు.

“ఇదిగో మా అమ్మాయి. అన్నీ సరిచూసింది ఇదే,” అన్నారు మా ఆయన. పళ్ళ డాక్టరు లేచి దానికి నమస్కారం పెట్టాడు.

“నాన్నా, దీపం లేకుండా స్కేలు దేన్నిబట్టి పెడుతున్నారు?”

“ఆ గెలాక్సీ గీతని బట్టే. ఏ గెలాక్సీకి ఆ గెలాక్సీయే కొలమానం.”

“అలాగైతే ప్రతిసారీ సున్నాయే వస్తుంది కదా.”

“ప్రతిసారీ సున్నాయేనమ్మా,” అన్నాడు బ్రోకరు పరవశంగా. “ఒక్కసారి కూడా తప్పలేదు.”

అందరూ చప్పట్లు కొట్టారు. మా ఆయన మాత్రం కూతురి కళ్ళలోకి చూడకుండా తల దించుకున్నారు. ఆయన్ని చెయ్యి పట్టుకుని మెట్ల మీదికి లాక్కొచ్చాను.

“మీకు తెలుసు.”

“తెలుసులేవే,” అన్నారు గొంతు తగ్గించి. “దీపం పెడితే ఎరుపు వస్తోంది. ఏం చెయ్యను?”

“అది ఏదీ చూడలేదని వాళ్ళకి చెప్పండి. దాని చదువు పోతుంది.”

“దాని పేరు చూసేగా వీళ్ళు నమ్ముతున్నది. వైవాదేముంది, ఆర్నెల్లాగి ఇచ్చుకుంటుంది.”

ఈ మనిషి పక్కన ఇన్నేళ్ళు కూర్చుని అన్నం తిన్నానా అని ఒళ్ళంతా కంపరమెత్తింది. తలెత్తి చూస్తే అమ్మాయి గుమ్మంలోనే ఉంది. అంతా విన్నది. వెనక్కి తిరిగి నేరుగా బ్రోకరు ఫోను ముందుకెళ్ళి నిలబడింది.

“నాన్నగారి కొలతలు నేను ఇంతవరకూ చూడలేదు. ఇప్పుడే చూశాను. తప్పు.”

మా ఆయన మెల్లగా లోపలికి వచ్చి కుర్చీలో కూర్చుని, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

“చూశారుగా. ఆ అబ్జర్వేటరీ వాళ్ళు నా కన్నబిడ్డని కూడా కొనేశారు.”

పళ్ళ డాక్టరు కళ్ళు చెమర్చాయి. మళ్ళీ చప్పట్లు మొదలయ్యాయి, ఈసారి ఇంకా గట్టిగా. వీడియో ఇప్పుడే అందరికీ పంపుతానన్నాడు బ్రోకరు.

“పంపండి,” అంది అమ్మాయి. “మా గైడుకి కూడా.”

నేను ట్రే ఎత్తుకున్నాను. కిందికి వచ్చి కప్పులన్నీ సింకులో ఒంపుతుంటే, టీ ఏదే అని పైనుంచి ఆయన కేక వినిపించింది. నా వెనకే దిగొచ్చిన అమ్మాయి కుళాయి తిప్పింది.