నా మీద వేసిన తొంభై కిలోలు

నేను ఒక కారును. నాలో ఇనుము లేదు, పెట్రోలు లేదు, తుప్పు పట్టే యోగం అసలే లేదు. అయినా అలసిపోయాను. విశాఖలో ఓ ఆఫీసు రెండో అంతస్తులో పైడిరాజు అనే ఆయన నన్ను కంప్యూటర్‌లో గీశాడు. నా ఇంజను చప్పుడు వాళ్ల మేనమామ పాత జీపుది. ఆన్‌లైన్ రేసు ఆటలో ‘సి’ తరగతి బండిని.

ఆ తరగతిలో మేం మూడు రకాలం. ముందు చక్రాలతో లాగేవి బుద్ధిమంతులు. నాలుగు చక్రాలూ తిరిగేవి వానలో కూడా జారవు. నాది వెనక చక్రాల నడక. మలుపులో తొందరపడి యాక్సిలరేటర్ తొక్కితే నా వెనక భాగం పక్కకు తిరిగిపోతుంది. ఓపిక ఉన్నవాడికి మాత్రం నేను ప్రాణమిస్తాను.

మా మూడు రకాలకూ గెలిచే అవకాశం సమానంగా ఉండేలా చూడటం హైమవతి ఉద్యోగం. పాపం, కప్పల తక్కెడ పని. ఒకదానికి బరువు పెంచితే ఇంకొకటి ముందుకు దూకేది. ఆడేవాళ్లు ఎవరికి వారు తమ బండికే అన్యాయం జరిగిందని ఉత్తరాలు రాసేవారు. పక్కవాడి బండి ఎక్కువ తేలికగా ఉందని రాసినవాళ్లే కానీ, తన చెయ్యి బాగాలేదని రాసినవాణ్ణి నేను చూడలేదు.

కొత్తవాళ్లు నన్ను రెండు రోజులు తోలి, గోడకు గుద్ది, వదిలేసేవారు. చివరికి గట్టిగా పట్టుకున్నవాడు గౌరునాయుడు ఒక్కడే మిగిలాడు. గాజువాకలో స్కూలు వ్యాను డ్రైవరు. పొద్దున పిల్లల్ని దింపాక, మళ్లీ బడి వదిలేదాకా నాతోనే ఉండేవాడు. నన్ను నడిపి సీజన్ ఫైనల్ గెలవాలన్నది అతని కోరిక. నాది కూడా.

హైమవతి గెలుపోటముల పట్టిక తీసింది. వెనక చక్రాల బండి దిగిన పందేల్లో నూటికి అరవై అదే గెలుస్తోందని అందులో ఉంది. బండి మరీ బలంగా ఉందనుకుని నా మీద తొంభై కిలోలు వేసింది. బలం ఎవరిదో పట్టికకు తెలియదు కదా.

ఆ రోజు నుంచి మేం నాలుగో స్థానం, ఏడో స్థానం. నాయుడు తిట్టలేదు. ఫిర్యాదుల పెట్టెలో మూడు ముక్కలు రాశాడు: “అమ్మా, ఇన్నాళ్లూ గెలిసింది ఈ బండి బలం కాదు. దీన్ని ఒగ్గకుండా ఉన్నోడిని నానొక్కడినే. లెక్కలోంచి నన్ను తీసేసి ఓపాలి సూడండి.”

ఆమె తీసి చూసింది. నూటికి అరవై కాస్తా రెండయింది. తప్పు తనదేనని ఆ పూటే జవాబు రాసింది. కానీ సీజన్ మధ్యలో బరువులు మార్చకూడదని వాళ్ల నియమం. ఫైనల్ అయ్యాకే దించుతామంది. అప్పటిదాకా వేరే బండిలో ఆడమని బతిమాలింది.

నాయుడు రెండు రోజులు నా తలుపు తీయలేదు. మూడో రోజు నాలుగు చక్రాలూ తిరిగే బండి ఎక్కాడు. నెల రోజులు చెయ్యి తిరిగేదాకా దాన్నే తోలి, ఫైనల్లో పదకొండు సెకన్ల తేడాతో గెలిచాడు. నాకు సంతోషం కలిగింది, ఏడుపూ వచ్చింది.

వారం తిరక్కుండా హైమవతి మాట నిలబెట్టుకుంది. తొంభై కిలోలూ దిగిపోయాయి. పుట్టినప్పుడు ఎలా ఉన్నానో అలా అయ్యాను.

ఆ మధ్యాహ్నమే అతను వచ్చాడు. మొదటి మలుపులో ఆ బండిని తొక్కినట్టే నన్నూ తొక్కాడు. నా వెనక భాగం తిరిగి గోడకు తగిలింది. మళ్లీ మొదలుపెట్టాడు. మళ్లీ అదే గోడ. అయిదోసారికి ఆగిపోయి, తన మైకు తెరిచి ఉందన్న సంగతే మరిచి, మెల్లగా అన్నాడు.

“నీ తప్పు కాదే. నా సెయ్యి మారిపోనాది.”

నన్ను కడిగించి, పాత వెండి రంగు వేయించి, ఆటలోని తన గ్యారేజీలో అందరికీ కనబడే చోట నిలిపి వెళ్లాడు. ఇప్పుడు ఎవరైనా వస్తే నా చుట్టూ తిరిగి చూస్తారు. పక్కనున్న పలక మీద నా బరువు రాసి ఉంటుంది, తొంభై కిలోలు తీసేసి.