పద్నాలుగో కర్ర

గజంబద్ద మొనపోయిన మేకుతో వెడ్జ్ కర్ర మొహం మీది గాట్లలోంచి మట్టి గీకుతున్నాడు. నిన్నటి మట్టి గట్టిపడింది. ఉమ్ముతో తడిచేసి మళ్ళీ గీకాడు. పాత బనీను ముక్కతో తుడిచి, వెలుతురుకు పట్టి చూసి, బ్యాగులో పెట్టాడు. అప్పుడు కర్రలు లెక్కపెట్టాడు. పద్నాలుగు. నలభై ఏళ్లుగా ఆ లెక్క తప్పలేదు.

గోల్ఫ్ క్లబ్బులో అతను కేడీ. ఆడేవాళ్ల బ్యాగు మోసుకుంటూ వెంట నడవాలి. బంతి ఎక్కడ పడిందో చూడాలి. గుంతలో నిలిపిన జెండా ఎంత దూరమో చెప్పాలి. అతను కంటితో చూసి చెప్పిన దూరానికి టేపు పెట్టి కొలిచినా గజం తేడా వచ్చేది కాదు. అందుకని గజంబద్ద అన్నారు. అసలు పేరు హాజరు పుస్తకంలో ఉంది. దానితో ఎవరికీ పని పడలేదు.

కుడి భుజం ఎడమదానికంటే రెండు వేళ్లు కిందికి ఉంటుంది. చొక్కా కుట్టినాయన ఒకసారి, "వంకర నీలో ఉందా నా కత్తెరలో ఉందా చెప్పవయ్యా బాబూ" అన్నాడు. గజంబద్ద డబ్బులిచ్చాడు. చొక్కా తీసుకుని వచ్చేశాడు.

బ్యాగుల షెడ్డు వెనక ఒక గది. క్లబ్బువాళ్లదే. ఉద్యోగం ఉన్నన్నాళ్లు గది. ముప్ఫై ఒక్క ఏళ్లుగా అతనూ భార్యా అందులోనే ఉన్నారు. ఆరేళ్ల కింద ఆమెకు కళ్లు పోయాయి. నెలరోజులు చెయ్యి పట్టుకుని నడిపించాడు. మంచం నుంచి స్టవ్వు నాలుగు అడుగులు. స్టవ్వు నుంచి గుమ్మం ఆరు. గుమ్మం నుంచి కుళాయి పదకొండు, మధ్యలో ఒక మెట్టు. గుమ్మం నుంచి షెడ్డు ముందున్న బల్ల పన్నెండు. ఆటగాళ్లకు చెప్పినట్టే చెప్పాడు. ఇప్పుడు ఆమె ఆ లెక్కల మీద బతుకుతోంది. వండుతుంది, నీళ్లు పడుతుంది, ఇతని మీద అరుస్తుంది.

"ఏమయ్యా, ఇవాళేగా పోటీ?" గుమ్మంలోంచి అడిగింది.

"ఊఁ."

"నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయా? ఆయన ఓడితే మనం ఎక్కడికెళ్లాలో చెప్పు. ఇంకో ఇల్లంటే మళ్ళీ మొదటినుంచీ గోడలన్నీ తడుముకోవాలి. ఈ వయసులో నావల్ల కాదు."

అతను బ్యాగు ఎత్తుకున్నాడు.

విషయం అదే. కొత్తగా చేరినవాళ్లు బ్యాటరీ బళ్లలో తిరుగుతున్నారు. కేడీలు అక్కర్లేదు. గజంబద్దను ఇంకా పిలిచేది జడ్జిగారు ఒక్కరే. రిటైరై పదేళ్లయింది ఆయనకు. పోయిన ఆదివారం బావమరిది చేతిలో వరసగా ఐదోసారి ఓడి, ఈసారి కూడా ఓడితే ఆటే మానేస్తానని నలుగురిలో అన్నారు. ఆయన మానేస్తే గజంబద్దకు పని లేదు. పని లేకపోతే గది లేదు.

కేడీల మేస్త్రి దారిలో ఎదురయ్యాడు. గజంబద్ద కంటే ఇరవై ఏళ్లు చిన్నవాడు.

"బద్దన్నా, నా చేతుల్లో ఏం లేదు. గది ఎప్పుడు ఖాళీ అవుతుందని పైవాళ్లు అడుగుతున్నారు. బ్యాటరీ బళ్లు పెట్టుకోవాలట."

"తెలుసు."

"ఏంటలా ఉన్నావు? మొహం పాలిపోయింది."

"ఎండ."

ఎండ ఇంకా రాలేదు. పొద్దున్నుంచి ఎడమ చెయ్యి లాగుతోంది. బ్యాగు మోసేది కుడి భుజం మీద. ఎడమ చెయ్యి ఎందుకు లాగాలో అతనికి అర్థం కాలేదు.

బావమరిది ముందు కొట్టాడు. యాభై దాటినా ఎద్దులాంటి మనిషి. బంతి చెట్ల మీదుగా వెళ్లి ఎక్కడో పడింది. జడ్జిగారు కూడా పెద్ద కర్రే తీశారు. ఊపు సగంలో ఆగింది. బంతి పక్కనున్న పొదలో దూరింది.

"ఏం బావా, బంతిని కొట్టావా, జోకొట్టావా?"

జడ్జిగారు పొదవైపు నడిచారు. ఒక్కో గుంతలో బంతిని తక్కువ దెబ్బల్లో వేసినవాడిది ఆ గుంత. మొత్తం పద్దెనిమిది. మొదటి మూడూ బావమరిదికే పోయాయి. మూడుసార్లూ పెద్ద కర్రే. మూడుసార్లూ గజంబద్ద పొదల్లో వంగి వెతికాడు. మూడోసారి లేచేటప్పుడు చెట్టు పట్టుకుని నిలబడ్డాడు.

నాలుగో గుంత దగ్గర జడ్జిగారు చెయ్యి చాపితే, గజంబద్ద పెద్ద కర్ర ఇవ్వలేదు. చిన్నది ఇచ్చాడు.

"ఇదేమిటోయ్?"

"నూట నలభై గజాలు పోతే చాలండి. తిన్నగా పోవాలి. అక్కణ్ణుంచి ఇంకోటి అంతే. తర్వాత వెడ్జ్."

వెడ్జ్ అంటే మొహం పైకి తిరిగిన పొట్టి కర్ర. బంతి దూరం పోదు. పైకి లేచి, మెత్తగా దిగి, పడ్డచోటే ఆగుతుంది.

"ఎంతసేపూ ఆ వెడ్జ్, వెడ్జ్ అంటావు. దాన్ని ఎంతని నమ్మను?"

గజంబద్ద వెడ్జ్ మొహం బొటనవేలితో తుడిచాడు. "మిగిలినదాన్ని సర్దుతుందండి. పోయినదాన్ని తేలేదు. ముందు మీరు పోగొట్టుకోకూడదు."

"చిన్న చిన్న దెబ్బలతో బతకమంటావు."

"నేను బతకలేదాండీ?"

జడ్జిగారు అతని వైపు చూశారు. ఇరవై రెండేళ్లలో ఈ మనిషి ఒక్కపూటలో ఇన్ని మాటలు మాట్లాడటం ఆయన వినలేదు. చిన్న కర్రే తీసుకున్నారు.

అక్కణ్ణుంచి ఆట చూడటానికి ఏమీ లేదు. బావమరిది దూరం కొట్టేవాడు, ఒకసారి ఇసుకలో, ఒకసారి చెట్ల కింద. జడ్జిగారు కొంచెం కొట్టేవారు, కొంచెం నడిచేవారు, మళ్ళీ కొంచెం కొట్టేవారు. జెండా చుట్టూ ఉండే నున్నటి పచ్చికను గ్రీన్ అంటారు. దాని దగ్గరకు రాగానే వెడ్జ్. బంతి గుంత పక్కన దిగేది. ఏడోది ఆయనకు వచ్చింది. పదకొండోది వచ్చింది. పదమూడోది పోయింది. పద్నాలుగూ పదిహేడూ వచ్చాయి. మిగతావి ఎవరికీ కాలేదు. ఇద్దరూ సమానం.

"ఇది ఆట కాదు బావా, చీమ బెల్లం మోసినట్టుంది," అన్నాడు బావమరిది. నవ్వు కొంచెం తగ్గింది.

గజంబద్ద బ్యాగును ఎడమ భుజానికి మార్చుకున్నాడు. నలభై ఏళ్లలో మొదటిసారి. అక్కడా కుదరలేదు. మళ్ళీ కుడివైపుకే మార్చాడు. చొక్కా వీపుకు అంటుకుపోయింది. చెమట చల్లగా ఉంది.

చివరి గ్రీన్ ముందు చెరువు అడ్డం. బావమరిది రెండో దెబ్బకే దాటించబోయాడు. బంతి నీళ్లలో పడింది. దానికి ఒక దెబ్బ అదనం. జడ్జిగారు రెండో దెబ్బ చెరువుకు ఇవతలే ఆపారు.

"ఎంత?"

గజంబద్ద జెండా చూశాడు. జెండా రెండుగా కనిపించింది. కళ్లు మూసి తెరిచాడు.

"ఎనభై రెండు."

వెడ్జ్ ఊగింది. బంతి లేచింది. నీళ్లు దాటింది. గ్రీన్ అందలేదు. అంచున గడ్డిలో ఆగింది. ఇంకో ఐదు గజాలు ఉండాల్సింది.

"నీ బద్ద అరిగిందోయ్," అన్నారు జడ్జిగారు.

గజంబద్ద అక్కడే నిలబడి ఆ ఐదు గజాలు చూస్తూ ఉండిపోయాడు. ఆయన పిలిచాక కదిలాడు.

అంచునుంచి జడ్జిగారు వెడ్జ్‌తోనే మెల్లగా తట్టారు. బంతి దొర్లుకుంటూ వెళ్లి గుంతకు జానెడు దూరంలో నిలిచింది. గజంబద్ద వెడ్జ్ అందుకుని, గడ్డి అంచున పడుకోబెట్టి, జెండా తీశాడు. బంతి గుంతలో పడింది. ఐదు దెబ్బలు. బావమరిదికి ఆరు.

"చంపావు బావా! గోటితో గిల్లి గిల్లి చంపావు!" అంటూ బావమరిది ఆయన్ను వాటేసుకున్నాడు. ముగ్గురూ షెడ్డు వైపు నడిచారు.

బావమరిది బట్టలు మార్చుకోవడానికి వెళ్లాడు. జడ్జిగారు చేతితొడుగు విప్పి బ్యాగు జేబులో పెట్టారు.

"ఇక చాలోయ్."

గజంబద్ద ఆ జేబు మూశాడు.

"వాడు కొడుతుంటే బంతి చప్పుడు విన్నావా? నేనూ అలా కొట్టినవాణ్ణే. ఇవాళ గీక్కుంటూ గెలిచాను. గెలిచినట్టే లేదు. ఓడి మానేయడం కన్నా గెలిచి మానేయడమే మర్యాద."

"వెడ్జ్‌తో ఇంకో పదేళ్లు ఆడొచ్చండి."

"ఆడొచ్చు. ఆడాలని లేదు." ఆయన అతని భుజం తట్టారు, కిందికి ఉన్న భుజం. "నువ్వూ కూర్చుని తిను ఇంక. ఎన్నాళ్లు మోస్తావు? బ్యాగు తీసుకెళ్లడానికి ఆదివారం మనిషిని పంపుతాను."

గది మాట గజంబద్ద నోటిదాకా వచ్చింది. నలభై ఏళ్లలో ఎవరినీ ఏదీ అడగలేదు. ఎలా మొదలుపెడతారో తెలియలేదు. కారు వెళ్లిపోయింది.

బల్ల మీద కూర్చుని మేకు తీశాడు. కర్రలు లెక్కపెట్టాడు. పదమూడు. మళ్ళీ లెక్కపెట్టాడు. పదమూడు. ఏది లేదో, ఎక్కడుందో తెలుసు. బల్ల నుంచి చివరి గ్రీన్ నూట పది అడుగులు. కాస్త ఊపిరి తీసుకుని లేద్దామనుకున్నాడు.

"వచ్చావా?" గుమ్మంలోంచి ఆమె.

"వచ్చా."

"గెలిచారా?"

"గెలిచారు."

"హమ్మయ్య! అయితే గది మనదే."

అతను పలకలేదు. అది కొత్తేమీ కాదు. ఆమె లోపల టీ కాస్తూ మాట్లాడుతూనే ఉంది. తలుపు గడియ వదులైందట. కుళాయి దగ్గర మెట్టు పగిలిందట. ఎలాగూ ఉంటున్నాం కాబట్టి రెండూ బాగుచేయించమంది. ఆయన మంచివాడు, నువ్వే నోరు తెరిచి ఏదీ అడగవు అంది. గ్లాసు పట్టుకుని బయటికి వచ్చింది. పన్నెండు అడుగులు వేసి ఆగింది. చెయ్యి చాపితే భుజం తగిలింది.

"ఇదిగో, పట్టుకో. చల్లారిపోతుంది."

గ్లాసు అతని చేతిలో పెట్టింది. వేళ్లు ముడుచుకోలేదు.

చివరి గ్రీన్ మీద నీళ్ల గొట్టాలు తిరగడం మొదలుపెట్టాయి. గడ్డి అంచున వెడ్జ్ మొహం పైకి పెట్టుకుని పడి ఉంది. పొద్దున గీకిన గాట్లలో నీళ్లు సన్నటి గీతలుగా నిలిచాయి.